పేరు చెడ్డ లారీ ఎందుకెక్కుతారు?

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర మా స్కూల్ ఫ్రెండు ఒకడు కలిసాడు. ఇప్పుడు లారీ తోలుతున్నాడు. మొదటి రెండేళ్ళు కొల్లేటి చేపల లోడ్లు తోలాడట, ఆకివీడు నుంచి హౌరా దాకా. ఆ ఓనర్ సంగతి చుట్టుపక్కల పది ఊళ్ళకీ తెలుసు. జీతం నెలల తరబడి ఆపుతాడు, బత్తాలో కోస్తాడు, టైర్ పేలితే డ్రైవర్ ఖాతాలో రాస్తాడు, పైగా లైసెన్సు ఒరిజినల్ తన బీరువాలో పెట్టుకుంటాడు.

"తెలిసే ఎక్కావా?" అన్నాను.

"తెలీకేంట్రా! మంచి ఓనర్ దగ్గరకెళ్తే ఎన్నేళ్ళు తోలావ్ అన్నాడు. ఈయన ఎప్పుడొస్తావ్ అన్నాడు."

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది దాదాపు అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. కానీ ఈ పరిస్థితి ఎలా వచ్చిందా అని తవ్వుతూ పోతే కొంచెం చరిత్ర తగిలింది. ఓపికుంటే చదవండి.

మా ప్రాంతంలో లారీ కంటే ముందు పడవ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పొలాలకి నీళ్ళే కాదు, సరుకులకి దారి కూడా అయ్యాయి. గోదావరి వైపు నుంచి వచ్చే ఏలూరు కాలవా, కృష్ణ వైపు నుంచి వచ్చే ఏలూరు కాలవా (రెండిటికీ అదే పేరు!) ఏలూరులోనే కలుస్తాయి. అంటే రాజమండ్రిలో ఎక్కిన బస్తా నేల మీద దిగకుండా బెజవాడ చేరొచ్చు. 1890ల్లో రైలొచ్చింది, ఆ తర్వాత రోడ్డు. కలకత్తా–మద్రాసు రోడ్డు మా ఇళ్ళ పక్కనుంచే పోవడంతో లారీ పని ఈ జిల్లా కుర్రాళ్ళకి కొత్తేమీ కాలేదు.

అప్పట్లో డ్రైవర్ అవ్వాలంటే ఒకటే దారి, క్లీనర్‌గా చేరడం. బండి కడగాలి, జాకీ ఎత్తాలి, వెనక నిలబడి "రైట్ రైట్, పోనీ పోనీ" అనాలి, గురువుగారికి టీ తేవాలి. కొన్నేళ్ళకి ఏదో ఒక రాత్రి, ఖాళీ బండి, ఖాళీ రోడ్డు, గురువుగారికి నిద్రొస్తుంది. "ఏదీ, కాసేపు పట్టు" అంటాడు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అంటే అదే. ఇదేదో గొప్ప గురుకులం అని నేననను. తన్నులు తిన్న క్లీనర్లున్నారు, చదువు మానేసి ఎక్కిన పిల్లలున్నారు. కాకపోతే కొత్తవాడు నేర్చుకునేందుకు బండిలో ఒక సీటుండేది.

చట్టం ఈ వ్యవహారాన్ని దూరం నుంచే చూసింది. 1961లో మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. దూరపు రూట్లకైతే రోజుకి పది దాకా. చదివితే ముచ్చటేస్తుంది. అయితే అది వర్తించింది ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది పనివాళ్ళున్న సంస్థలకే. ఒక లారీ, ఇద్దరు మనుషులు ఉన్న ఓనర్‌కి ఆ చట్టంతో పనే లేకపోయింది. మా వైపు ఫైనాన్స్‌లో ఒక బండో రెండు బళ్ళో తీసుకున్నవాళ్ళు ఎంతమందో! అలా ఎనిమిది గంటల పని పుస్తకంలో ఉండిపోయింది, డ్రైవర్ మాత్రం రోడ్డు మీద ఉండిపోయాడు.

తర్వాత 1988 మోటారు వాహనాల చట్టం. రవాణా బండి తోలాలంటే ఇరవై ఏళ్ళు నిండాలి. దానికి లెర్నర్స్ లైసెన్సు కావాలంటే అంతకు ముందే కనీసం ఏడాదిగా తేలికపాటి వాహనం లైసెన్సు చేతిలో ఉండాలి. తప్పేం లేదు, రోడ్డు మీద మనమూ తిరగాలి కదా. కానీ లైసెన్సు వచ్చినంత మాత్రాన పని రాదు. టెస్టులో ఖాళీ బండిని తిప్పి చూపించడం వేరు, నిండు లోడుతో వానలో ఘాట్ దిగడం వేరు. (మనకి డిగ్రీ చేతికొచ్చిన రోజు ప్రొడక్షన్ సర్వర్ పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి :-))

నేర్చుకునే ఆ సీటు కూడా మెల్లగా పోయింది. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలని రూల్స్‌లో ఒక షరతుండేది. 2018 సవరణల్లో దాన్ని ఎత్తేశారు. క్లీనర్ జీతం దండగ అనుకున్న ఓనర్లు అంతకు ముందునుంచే ఒక్కడితో నడిపిస్తున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇక కొల్లేరు. 1976లో ప్రభుత్వమే సహకార సంఘాల పేరుతో కొల్లేటి భూముల్లో చేపల చెరువులకి అనుమతిచ్చింది. ఆ తర్వాత చెరువులు ఎవరి చేతుల్లోకి వెళ్ళాయో ఆ ఊళ్ళవాళ్ళని అడగాలి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు పేల్చేశారు. కొంగలకి మంచిదే. కానీ చెరువు మీద బతికిన కుర్రాళ్ళు ఏదో ఒక పని వెతుక్కోవాల్సి వచ్చింది. మరోవైపు అభయారణ్యం బయట వరిచేలు చెరువులవుతూనే ఉన్నాయి కాబట్టి చేపల లారీలకి మాత్రం లోటు రాలేదు.

చేపల లోడుకి ఒక లక్షణం ఉంది. అది ఆగదు. సిమెంటు బస్తా రేపు వెళ్తుంది, ఐసులో పెట్టిన శీలావతి రేపటిదాకా ఆగదు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం, అక్కడి మార్కెట్ వేళకి అందాలి. మంచి ఓనర్ దగ్గర డ్రైవర్ మానడు, కాబట్టి అక్కడ సీటు ఖాళీ ఉండదు. చెడ్డ ఓనర్ దగ్గర ఉన్నవాడు గొడవపడి మధ్యాహ్నం వెళ్ళిపోతాడు, రాత్రికి లోడు కదలాలి. ఆ సాయంత్రం లైసెన్సు పట్టుకుని ఎవడొచ్చినా ఓనర్‌కి దేవుడే. చెడ్డపేరు వల్ల సీటు ఖాళీ అవుతుంది, ఖాళీ ఉన్న చోటికే కొత్తవాడు వెళ్ళగలడు. వాడు తెలివితక్కువవాడై వెళ్ళడం లేదు.

ఆర్టీసీ సంగతి చూడండి. 1958 నుంచి ఈ రాష్ట్రంలో డ్రైవర్ కల అంటే అదే. 2020 జనవరి నుంచి అక్కడివాళ్ళు ప్రభుత్వోద్యోగులు కూడా అయ్యారు. వాళ్ళూ హెవీ బండి తోలిన అనుభవం అడుగుతారు. అడగాలి కూడా, యాభై మంది ప్రయాణికులు కదా. మరి ఆ అనుభవం ఎక్కడొస్తుంది? మంచి ఓనర్లు, పెద్ద సంస్థలు అందరూ "తోలొచ్చినవాడే కావాలి" అంటే, తోలడం నేర్పే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. భరించేది చెడ్డ ఓనర్ కూడా కాదు. ఆగిపోయిన జీతాల రూపంలో కొత్త డ్రైవరే భరిస్తాడు. నాకు చిరాకు పుట్టించేది ఇక్కడే. మంచిపేరున్న ఓనర్‌ని ఎవరూ ఏమీ అనరు, కానీ ఆయన మంచితనంలో కొంత భాగం పక్కవాడి చెడ్డతనం మీద నడుస్తోంది.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో 1980లో ట్రక్కింగ్ మీద నియంత్రణలు సడలించాక పోటీ పెరిగి జీతాలు పడిపోయాయి. అక్కడి పెద్ద ట్రక్లోడ్ కంపెనీల్లో కొన్నేళ్ళపాటు డ్రైవర్ల టర్నోవర్ ఏడాదికి తొంభై శాతం దాటింది. కొత్తవాళ్ళకి ఫీజు లేకుండా శిక్షణ ఇచ్చి, ఏడాదిలోపు మానేస్తే ఆ డబ్బు కట్టమనే కాంట్రాక్టులూ ఉన్నాయి. ఈ మాట మనవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా. నేనూ రెండేళ్ళ బాండ్ మీదే చేరాను, ఒక కన్సల్టెన్సీలో. ఒరిజినల్స్ వాళ్ళ దగ్గర. దాని గురించి నెట్‌లో ఉన్న తిట్లన్నీ చదివాకే సంతకం పెట్టాను. మిగతావాళ్ళందరూ "రెండేళ్ళ అనుభవం" అడిగారు మరి.

మా ఫ్రెండు ఇప్పుడు ఒక మంచి ఓనర్ దగ్గర బియ్యం లోడ్లు తోలుతున్నాడు. మొదటి తేదీకి జీతం. పాత ఓనర్ అతనికి ఇంకా మూడు నెలల జీతం బాకీ, రాదని అతనికీ తెలుసు. టీ తాగుతుండగా వాళ్ళ బావమరిది నుంచి ఫోనొచ్చింది. హెవీ లైసెన్సు వచ్చిందట, ఎక్కడా పని దొరకట్లేదట. మావాడు ఆ పాత ఓనర్ నంబరే చెప్పాడు. చెప్పి, "ఒరిజినల్ అడుగుతాడు, ఆర్టీవో ఆఫీసులో ఉందని చెప్పు, ఇవ్వకు" అన్నాడు.

హైదరాబాద్ వచ్చాక మా కాలేజీ జూనియర్ ఒకడు నా పాత కన్సల్టెన్సీ గురించి అడుగుతూ మెయిల్ పెట్టాడు. "అన్నా, రివ్యూలు దారుణంగా ఉన్నాయి, చేరొచ్చా?" అని. చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. చేరమనే రాశాను. సర్టిఫికెట్లు మాత్రం కలర్ జిరాక్సులు ఇమ్మన్నాను.