పెరటికి వచ్చే ముళ్ళెలుక

నాయకరాజుల కాలం నుండి తెలుగువారు స్థిరపడిన కోయంబత్తూరు, మదురై ప్రాంతపు గ్రామాలలో రాత్రివేళ పెరటి ఎండుటాకులలో చప్పుడైతే పామేమోనని కర్ర అందుకోవడం పరిపాటి. దీపం వేసి చూస్తే ఒక్కొక్కసారి అక్కడ ఉండేది గుప్పెడంత ముళ్ళ బంతి. తమిళులు దీనిని ముళ్ళెలి అంటారు. మనం ముళ్ళెలుక అనుకోవచ్చు. పేరులో ఎలుక ఉన్నా ఇది ఎలుక జాతి కాదు, చుంచుకు బంధువు. ఏదుపందితోను దీనికి చుట్టరికం లేదు. భయపడితే ముడుచుకుంటుందే కాని ఎవరిమీదికీ రాదు.

1851లో హార్స్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఈ జాతి దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. వానలు తక్కువైన పొదనేలలు, మేతభూములు దీని నివాసం. కొంగునాటిలో కొరంగాడు అనే పశువుల బీళ్ళ చుట్టూ కిళువై చెట్లతో పెంచే ముళ్ళకంచెలు మన పాఠకులలో చాలామందికి తెలిసినవే. అటువంటి కంచె మొదట్లో పగలు దాగి, రాత్రి పురుగులు, చెదలు, తేళ్ళు వెదకి తినడం దీని స్వభావం. రైతుకు ఇంతకంటె చవకైన కూలి దొరకదు. కంచె కొట్టివేసి సిమెంటు గోడ కట్టినచోట దీనికి దారి, దాపు రెండూ పోతాయి. ఇంగ్లాండులో తోటగోడల అడుగున చిన్న కన్నం విడిచి అక్కడి ముళ్ళెలుకలకు దారి కల్పిస్తున్నారు. మనమూ గోడ కట్టేటప్పుడే అట్లు చేయవచ్చు.

పెరటికి వచ్చినదానికి పాలు పోయరాదు, అవి దానికి అరగవు. వేసవిలో లోతులేని మూకుడులో నీరు పెడితే చాలును. వాకిలికి దూరంగా ఒక మూల ఆకులు, కంప ఉంచవచ్చు. వాటిని తగులబెట్టే ముందు మాత్రం కర్రతో కదిలించి చూడవలెను. ఎలుకల మందు, పురుగుల మందు ఆ దరిదాపులలో వాడరాదు. నీటితొట్టిలో వాలుగా ఒక పలక ఉంచితే పడినది ఎక్కిరాగలదు. ముడుచుకునేటట్లు కర్రతో పొడవడం పిల్లలకు వినోదమే గాని, ఆ ప్రాణికి అది చావుభయం. బండి తగిలి గాయపడినదానిని మందపాటి గుడ్డతో ఎత్తి, గాలి ఆడే పెట్టెలో ఉంచి అటవీశాఖ వారికి తెలియజేయవలెను. పెంచుకోవడానికి పట్టరాదు.

అన్నిటికంటె పెద్ద ఆపద మందు పేరిట వచ్చేది. దీని ముళ్ళు, తోలు కోరింత దగ్గుకు, అనగా తమిళంలో కక్కువాన్‌కు, మందని పల్లెలలో నమ్మకం. ఆ దగ్గు సూక్ష్మజీవి వలన వచ్చేది. ముళ్ళ బూడిద దానిని చంపలేదు. బూడిద నాకించి రెండు వారాలు వేచి ఉంటే పసిబిడ్డకు ఊపిరే ఆడకపోవచ్చు. వెంటనే వైద్యునికి చూపవలెను. రాకుండా ఆపే టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం: బిడ్డకు 6, 10, 14 వారాల వయస్సులో, తరువాత 16 నుండి 24 నెలల మధ్య ఒకసారి, 5 లేక 6 ఏళ్ళకు మరొకసారి వేయించవలెను.