తొమ్మిది కత్తులు, ఏడు కర్రలు, ఒక చాట

టారో ముక్కల్లో తొమ్మిది కత్తుల పక్కన ఏడు కర్రలు పడితే జోస్యం చెప్పేవాళ్లు సాధారణంగా ఒకే మాట అంటారు: రాత్రుళ్లు నిద్ర చెడగొట్టే దిగులును పక్కనపెట్టు, పట్టిన పట్టు విడవకు అని. మొదటి బొమ్మలో ఒక మనిషి మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకుని ఉంటాడు, వెనక చీకట్లో తొమ్మిది కత్తులు. రెండో బొమ్మలో మిట్ట మీద ఒకడు కర్ర అడ్డంపెట్టి నిలబడితే, కింది నుంచి ఆరు కర్రలు అతని మీదికి లేస్తుంటాయి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కోసం వీటిని 1909లో లండన్‌లో గీసింది పమేలా కోల్మన్ స్మిత్. 15వ శతాబ్దపు ఇటలీలో ఇవి ఉత్త పేక ముక్కలు. జోస్యానికి వాడటం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. విశాఖపట్నంలో ఇవాళ ఫోనులో ఈ ముక్కలు వేయించుకునేవాళ్లకు ఇది కొత్త విద్యగా కనిపించవచ్చు. కానీ మనసులోని భయాన్ని ముందు పైకి పలికి, ఆ తర్వాత కాలు నిలిపే చోటు చూపించడం మనకు కొత్త కాదు. ఎరుక చెప్పే ఆడవాళ్లు తరతరాలుగా ఆ పనే చేశారు. నన్నడిగితే, ముక్కలకన్నా మేలుగా చేశారు.

అదే 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద రాసిన ఏడు సంపుటాలు మద్రాసులో అచ్చయ్యాయి. ఎరుక చెప్పే కొరవ, ఎరుకల స్త్రీల సరంజామా అందులో వివరంగా ఉంది: బుట్ట, చాట, కర్ర, పేడా పసుపూ కలిపిన ముద్దలో గవ్వలు పొదిగిన అల్లిక పళ్లెం. చాటలో బియ్యం, తమలపాకులు, వక్కలు ఉంటాయి. అడిగిన మనిషి చెయ్యి పట్టుకుని చాట మీద తిప్పుతూ, దేవతల పేర్లన్నీ వరసగా పాడుతూ, మధ్యమధ్య కర్రతో ఆ చేతిని తాకుతుంది. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఆ చెయ్యి. అడిగిన మనిషి చూస్తూ కూర్చోదు. తన చెయ్యి, తన వాకిలి, చుట్టూ మూగిన ఇరుగుపొరుగు, అన్నీ ఆ చెప్పడంలో భాగమే. లండన్ బొమ్మలో మంచం మీది మనిషి ఒంటరి. ఎరుకలో ఆ ఒంటరితనాన్ని ముందు పోగొడతారు. శ్రీనివాస కల్యాణ కథలో పద్మావతి మంచం పట్టినప్పుడు రాజవైద్యం పనిచేయలేదు. ఎరుకలసాని వచ్చి తల్లి ధరణీదేవి ఎదుట కూతురి మనసులో ఉన్నదేమిటో చెప్పి, పెళ్లి చేయమంది. దిగులుకు కారణం ఇంట్లో అందరికీ తెలిసిపోయాక పద్మావతి తన కోరిక మీద నిలబడగలిగింది.

ఇదంతా మోసం కాదా అని అడిగేవాళ్లకు ఆధారాలు తక్కువేమీ లేవు. జోస్యం మొదలుపెట్టే ముందు ఇంటి విషయాలు రాబట్టడంలో ఈ ఆడవాళ్లు ఆరితేరినవాళ్లని థర్‌స్టనే రాశాడు. 1892లో విజయనగరంలో మొదట ఆడిన ‘కన్యాశుల్కం’లో పూజారి గవరయ్య లుబ్ధావధాన్లు భయాన్ని ఎలా సొమ్ము చేసుకుంటాడో గురజాడ చూపించాడు. నేను ఆ ఆరోపణను తోసిపుచ్చను. కానీ గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించి భయాన్ని నిజం చేస్తాడు. భయపడ్డవాడు అతని చేతికింద మిగిలిపోతాడు. మంచి ఎరుక భయానికి కారణాన్ని ఇంటి మనుషుల మధ్యకు తెచ్చి పెడుతుంది. ముందుగా ఆరా తీయడం కూడా నా దృష్టిలో నేరం కాదు, ఎదుటి మనిషి కష్టం తెలియకుండా ధైర్యం చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు గనక. ఇక చెప్పేవాళ్లకు స్వప్రయోజనం ఉంటుందంటారా, శ్రీనివాస కల్యాణంలో ఎరుకలసాని వేషంలో వచ్చింది పెళ్లికొడుకే! కథ ఆ సంగతి దాచలేదు. మాట ఇంటి కష్టానికి సరిపోయిందా లేదా అన్నది వినేవాళ్లే తేల్చుకోవాలని దాని లెక్క.

కానీ ఊళ్లకు ధైర్యం చెప్పిన ఎరుకలవాళ్లకే నిలబడే చోటు లేకుండా చేశారు. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. చాలాచోట్ల ఎరుకలవాళ్ల పేర్లు పోలీసు రికార్డులకెక్కాయి. పేరెక్కినవాళ్లు స్టేషనులో హాజరు వేయించుకోవాలి, కదిలితే చెప్పి కదలాలి. ఊరూరా తిరిగితేనే సాగే వృత్తికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయ్యాక కూడా అనుమానపు చూపు అంత తొందరగా పోలేదు. ఎరుక వెనకబడటానికి చదువులు పెరగడమే కారణమని చెప్పుకోవడం మనకు సౌకర్యంగా ఉంటుంది, కానీ ఈ చట్టాన్ని వదిలేసి ఆ మాట అనడం అన్యాయం.

ఇక ముక్కలు వేయించుకునే విశాఖపట్నానికి దిగులు కొత్త కాదు, పట్టు పట్టడమూ కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు రేవు మీద బాంబులు వేశాయి, జనం ఊరు వదిలి పరుగెత్తారు. అయినా 1941లో శంకుస్థాపన జరిగిన ఓడల కర్మాగారం నుంచి 1948లో ‘జల ఉష’ అనే ఓడ నీళ్లలోకి దిగింది. ఉక్కు కర్మాగారం కోసం సాగిన ఆందోళనలో 1966 నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి; 1970 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది. ఏడు కర్రల బొమ్మకు ఇంతకన్నా సరైన ఉదాహరణ ఏముందని అనిపిస్తుంది. కానీ ఆ బొమ్మలో మిట్ట ఎవరిదో ఉండదు. ఉక్కు కోసం పదుల కొద్దీ ఊళ్లు లేచిపోయాయి. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక కూర్మన్నపాలెంలో కార్మికులు దీక్షలకు కూర్చున్నారు, ఆ పోరాటం న్యాయమైనదని నేను నమ్ముతాను. అదే కర్మాగారానికి నేల ఇచ్చిన నిర్వాసితుల్లో పునరావాసపు ఆర్ కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు మిట్ట మీద ఉన్నారా, కింద ఉన్నారా? గాజువాకలో నిద్రపట్టని ఒక ఇల్లాలికి ‘పట్టు విడవకు’ అని చెప్పి ఊరుకుంటే ఏ పట్టో ఆమెకు తెలియదు. ఆ ఇల్లు ఏ ఊరి నుంచి లేచి వచ్చింది, ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి రాలేదు అని ఎరుకలసాని అయితే చాట కింద పెట్టే ముందే అడిగి ఉండేది.