ఆముదం తాగిన మోటారు

రిటైరయ్యాక మావారికి కొత్త సరదా పట్టుకుంది. కారుకి ఆయిలు మార్చటం, ఫిల్టరు మార్చటం అన్నీ ఇంట్లోనే, స్వహస్తాలతో! ఆదివారం వచ్చిందంటే నా పాత చీరలకు మూడిందన్నమాటే.

మొన్నామధ్య సగం ధరకే వస్తోందని పేరూ ఊరూ లేని డబ్బా ఒకటీ, అలాంటి ఫిల్టరే ఒకటీ పట్టుకొచ్చారు. "నూనె నూనే కదోయ్! చిక్కగా ఉందా లేదా, అదే చూడాలి" అన్నారు.

నా గుండె గుభేలుమంది. పదేళ్ళ కిందట ఇలాంటి చవక ఫిల్టరే మా పాత కారును కల్వకుర్తి దారిలో అర్ధరాత్రి నిలబెట్టేసింది. నెలలు నిండిన మా అమ్మాయి వెనక సీట్లో ఉంది. ఆ రాత్రి మొక్కని దేవుడు లేడు.

ఇంకొకరు కూడా గుర్తొచ్చారు, మా నాయనమ్మ. ఆవిడ ఎన్నడూ కారెక్కలేదు గానీ, "నూనె నూనే కదా" అంటే మాత్రం ఊరుకునేది కాదు.

మాది దేవరకొండ వైపు పల్లె. ఎర్ర చెల్కలు, వానదేవుడి దయ. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని లోకం వెక్కిరిస్తుంది. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అది నిజంగానే మహావృక్షం. ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, తేలిన నూనెను పల్చటి గుడ్డలో వడగట్టేది నాయనమ్మ. తేటది పసిపిల్లలకు. ముదురు రంగుది బండికి. దాన్లో కాల్చిన గడ్డిమసి కలిపితే కందెన! "ఇసుక పడితే ఇరుసు కోసుకపోతది బిడ్డా, మూత పెట్టు" అనేది.

ఈ ఆముదం మా పొలిమేర దాటి ఎంత దూరం పోయిందనుకున్నారు? 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డు అనే వ్యాపారి తన ఇంజను నూనెలో ఆముదం కలిపి, దానికి 'కాస్ట్రాల్' అని పేరు పెట్టాడు. ఆముదాన్ని వాళ్ళు 'కాస్టర్' అంటారు కదా, పేరు అందులోంచే వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాలకు ఇంజను ఇంజనే పంకాతో పాటు గిరగిరా తిరిగేది. లోపల పెట్రోలూ, నూనే ఒకే దారిన పోవాలి. మామూలు నూనె పెట్రోలులో కరిగిపోతుంది. ఆముదం అంత తేలిగ్గా కరగదు. అందుకని ఆముదమే పోసేవారు. అది పొగతో పాటు బయటికొచ్చి నడిపేవాళ్ళ మొహాన కొట్టేది. పాపం, గాల్లో ఉండగానే కడుపు కదిలేదట! ఆముదం తాగిన మొహమంటే అదీ! 1918లో అమెరికా కూడా మన దేశం నుంచి విత్తనాలు తెప్పించుకుని ఆముదం సాగు చేయించింది.

మరి కార్లలోంచి ఎందుకు పోయిందంటారా? వేడికి జిగురు కడుతుంది కనుక. దాని చోట రాతినూనెలు వచ్చాయి. తొలినాటి కార్లకు ఫిల్టరనేదే లేదు, నూనె మాటిమాటికీ పారబోయటమే. 1923 ప్రాంతంలో అమెరికాలో 'ప్యూరొలేటర్' వచ్చాక వడపోత మొదలైంది. నాయనమ్మ గుడ్డముక్కే, కాస్త దర్జాగా!

మావారి పుస్తకం తెరిచి చూపించాను. కారుతో పాటు వచ్చిన ఆ పుస్తకంలో ఏ నూనె పోయాలో అంకెలతో సహా ఉంటుంది. 20డబ్ల్యూ-40 అని ఉంటే, ముందు అంకె చల్లగా ఉన్నప్పుడు నూనె ఎలా పారుతుందో, వెనక అంకె వేడెక్కాక ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. ఊరికే చిక్కగా ఉంటే చాలదు. పొద్దున్నే స్టార్టు చేయగానే సన్నటి దారుల్లోకి చేరాలి కదా! ఫిల్టరూ అంతే, ఆ ఇంజనుకు చెప్పిందే కావాలి. బిగించేముందు రబ్బరు చుట్టుకు వేలితో కాస్త కొత్త నూనె రాయాలి.

ఆముదం తాగిన మొహంతోనే వెళ్ళి రెండూ మార్చుకొచ్చారు.

ఇప్పుడు మావైపు చెల్కల్లో చాలావరకు పత్తి వచ్చేసింది. ఆముదంలో పెద్దపీట గుజరాతుది. గెలలు కోసి, ఎండబెట్టి, గింజ ఒలిచిన ఆడవాళ్ళ పేర్లు ఏ విమానం చరిత్రలోనూ లేవు.

అయినా ఒక ముచ్చట చెప్పనా? చక్రాల బేరింగులకు పెట్టే లిథియం గ్రీజును చిక్కబరిచే సరుకు ఎక్కువగా ఆముదం నుంచే వస్తుంది. మావారు ఆ గ్రీజు డబ్బా మూత తీసి పక్కన పడేశారు.

"ఇసుక పడుతుంది, మూత పెట్టండి" అన్నాను.