పాటలకు ర్యాంకులు వచ్చిన దారి

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే ఎఫ్‌ఎం స్టేషన్లు ఆ ఏడాది పాటలకు ర్యాంకులిచ్చి, కింది నుంచి పైకి ఒక్కొక్కటే వినిపిస్తాయి. ఈ అలవాటు మన దేశంలో పాతుకుపోవడానికి కారణం పక్క దేశపు రేడియో, ఒక టూత్‌పేస్టు కంపెనీ, సినిమా పాటంటే గిట్టని ఓ కేంద్రమంత్రి.

1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి, సినిమా పాటకు కోత పెట్టారు. నిర్మాతలతో పేచీ ముదిరి, ఆ ఉన్న కాసిన్ని పాటలూ దాదాపు ఆగిపోయాయి. అప్పటికి పక్క దేశపు రేడియో సిలోన్ చేతిలో రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పెట్టిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంది. వినేవాళ్ళంతా అటు తిరిగారు.

చిత్తూరు వైపు ఆకాశవాణి మద్రాసు కేంద్రం దగ్గర కాబట్టి తేలిగ్గా దొరికేది. సిలోన్ కోసం మాత్రం కాస్త కష్టపడాలి. 25 మీటర్ల బ్యాండులోనో 41 మీటర్ల బ్యాండులోనో ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ వెతకాలి. దొరికాక కూడా పాట ఒకసారి చెవి పక్కకొచ్చేది, అంతలోనే దూరంగా జారిపోయేది, మధ్యలో గరగర. అక్కడ మీనాక్షీ పొన్నుదురై గొంతులో తెలుగు కార్యక్రమాలూ వచ్చేవి కనుక ఆ తిప్పలు మనవాళ్ళకు అలవాటే.

సిబా కంపెనీ తన బినాకా టూత్‌పేస్టు పేరుతో సిలోన్‌లో ఇంగ్లీషు పాటల హిట్ పరేడ్ నడిపేది. అది బాగా ఆడడంతో హిందీలోనూ ఒకటి కావాలనుకుంది. స్క్రిప్టు, గొంతు, ఉత్తరాల పని అన్నీ ఒక్కరే చూడాలి, వారానికి ఇచ్చేది 25 రూపాయలు. పేరున్నవాళ్ళెవరు ఒప్పుకుంటారు? ఆ పని ఇరవై నిండని అమీన్ సయానీకి వచ్చింది. బొంబాయిలో రికార్డు చేసిన టేపు కొలంబో వెళ్ళేది. 1952 డిసెంబరు 3, బుధవారం రాత్రి, 'బినాకా గీత్‌మాలా' మొదలైంది.

తొలి రోజుల్లో ర్యాంకులు లేవు. ఏడు పాటలు వేసేవారు, వాటిని సరైన వరుసలో పేర్చి రాసినవాళ్ళకు నూరు రూపాయల బహుమతి. నలభై, యాభై ఉత్తరాలొస్తే గొప్పనుకుంటే తొలిసారే 9,000 వచ్చిపడ్డాయి. పోనుపోను అవి వారానికి 65,000 అయ్యాయి. ప్రతి ఉత్తరం విప్పి చూడడం ఎవరి తరం? పోటీ ఎత్తేసి, వరుస తామే కట్టి వినిపించడం మేలనుకున్నారు. అలా పుట్టింది మన కౌంట్‌డౌన్.

మరి వరుస కట్టడానికి ఆధారం? ముందు రికార్డు షాపుల అమ్మకాలు చూశారు. అయితే షాపులో సరుకు అయిపోతే, జనం నోట నానుతున్న పాట కూడా లెక్కలో వెనకబడుతుంది. అందుకని ఊరూరా ఉన్న శ్రోతల సంఘాల ఓట్లనూ కలిపారు. వారం వారం వచ్చిన మార్కులు కూడి, ఏడాది చివర వార్షిక జాబితా చదివేవారు. మొదటి స్థానం పాటకు ముందు బాకా మోగేది.

1953 జాబితాలో మొదటి స్థానం హిందీ 'అనార్కలి'లో సి. రామచంద్ర బాణీకి లతా మంగేష్కర్ పాడిన పాటది. రెండేళ్ళకు తెలుగు 'అనార్కలి'లో అదే బాణీ 'జీవితమే సఫలము'గా వచ్చింది. పాడింది జిక్కి; ఆమె కుటుంబం తిరుపతి పక్కనున్న చంద్రగిరి నుంచి మద్రాసు వెళ్ళి స్థిరపడింది. హిందీ రానివాళ్ళ ఇళ్ళలోకీ తొలి నంబర్ వన్ అలా మనమ్మాయి గొంతుతోనే వచ్చింది.

శ్రోతలు చేజారుతున్నారని గ్రహించిన ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభించి, సినిమా పాటను మళ్ళీ ఇంట్లోకి పిలిచింది. గీత్‌మాలా మాత్రం సిలోన్‌లోనే దశాబ్దాలు నడిచి, 1989లో వివిధభారతికి మారింది. సినిమా పాటను బయటికి పంపిన ఆకాశవాణే చివరికి ఆ పాటల ర్యాంకులు దేశమంతటికీ చదివి వినిపించింది.