నడకే నేరమైన ఊరు

నేను స్థిరపడ్డ జాక్సన్‌విల్, ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంది. యాభై ఏళ్ల కిందటి దాకా ఈ ఊళ్లో దేశదిమ్మరుల చట్టం ఒకటి నడిచింది. పనీపాటా లేకుండా తిరిగేవాళ్లు, రాత్రిపూట సంచరించేవాళ్లు, ఒళ్లొంచకుండా భార్యాబిడ్డల సంపాదన మీద బతికేవాళ్లు అందరూ దాని కిందికే వచ్చేవారు. పట్టుబడితే 90 రోజుల జైలు, 500 డాలర్ల జరిమానా, లేదా రెండూ. ఏ పని చేస్తే నేరమో చట్టం చెప్పలేదు. ఎలాంటివాడు నేరస్థుడో చెప్పింది.

ఒక చలి ఉదయం ఇద్దరు మనుషులు ఉద్యోగం అడగడానికి వెళ్తూ, కారు ఇస్తానన్న స్నేహితుడి కోసం వీధిలో ఎదురుచూస్తున్నారు. ఒకడు నల్లజాతివారి రాజకీయ సంఘంలో కార్యకర్త. ఒంటిమీద కోటు లేదు. చలికి ఓర్వలేక లాండ్రీ దుకాణంలోకి వెళ్తే పొమ్మన్నారు. స్నేహితుణ్ణి వెతుక్కుంటూ అదే వీధిలో రెండు మూడుసార్లు అటూ ఇటూ నడిచారు. పోలీసులొచ్చి సోదా చేస్తే ఆయుధాలేమీ దొరకలేదు. అయినా గుర్తింపు కాగితాలు లేవని, చెప్పింది నమ్మబుద్ధి కాలేదని ఈ చట్టం కిందే అరెస్టు చేశారు. ఈ ఉదంతం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇలాంటి చట్టాల మూలం ఇంగ్లండ్‌లో ఉంది. అమెరికాలో వాటికి కోరలొచ్చింది బానిసత్వం రద్దయ్యాకే. 1865లో మిసిసిపీ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, ఉద్యోగం లేని నల్లజాతి మనిషి దేశదిమ్మరి కింద లెక్క. జరిమానా అయిదు రోజుల్లో కట్టకపోతే, అది కట్టినవాడికి చాకిరీ చేయాలి. నిన్నటి బానిసను మళ్లీ పొలంలోకి తోలడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ అరెస్టు మీద నడిచిన కేసులోనే జాక్సన్‌విల్ చట్టాన్ని 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ విలియం డగ్లస్. ఏది నిషిద్ధమో సామాన్యుడికి ఈ చట్టం ముందుగా చెప్పడం లేదని, ఎవరిని పట్టుకోవాలో పోలీసుల ఇష్టానికే వదిలేసిందని ఆయన తేల్చారు. ఊరికే నడవడం, తిరగడం జీవితంలో భాగమేనన్నారు. నాకు ఈ దేశం మీద గౌరవం పెరిగింది ఇలాంటి తీర్పుల వల్లే.

అస్పష్టమైన చట్టం చెల్లదన్న ఈ సూత్రం మన భారతదేశానికీ కొత్త కాదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ‘చికాకు’, ‘అసౌకర్యం’ వంటి మాటలతో జనాన్ని జైలుకు పంపేది. 2015లో మన సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తూ అమెరికా తీర్పులను కూడా ఉదహరించింది. అయినా ఠాణాల్లో ఆ సెక్షన్ కింద కేసులు ఆగలేదు. 2022లో కోర్టు మళ్లీ కలగజేసుకుని, వాటిని ఆపమని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.