ముసారాంబాగ్ పేరులో ఒక ఫ్రెంచి దొర

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్టేషన్ల పేర్లలో చాలావాటికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఎల్బీనగర్ లాల్ బహదూర్ శాస్త్రి పేరు. దిల్‌సుఖ్‌నగర్ అయితే తన భూములను ప్లాట్లు చేసి అమ్మిన దిల్‌సుఖ్‌రాం ప్రసాద్‌ది. పార్సీ 'దిల్', సంస్కృత 'సుఖం' ఆయన పేరులోనే కలిసి ఉన్నాయి. చిక్కంతా ముసారాంబాగ్‌తోనే. దాపునే మూసీ పారుతోంది కనుక ఆ పేరు నది నుంచే వచ్చిందనిపిస్తుంది. కానీ దాని వేరు ఫ్రాన్సులో ఉంది.

గాస్కనీలో 1755లో పుట్టిన మిషెల్ జోకిం రేమాండ్ పాండిచ్చేరికి వచ్చి, ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేసి, ఆయన పోయాక నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. ఫిరంగులు పోయించాడు, గన్‌ఫౌండ్రీ అప్పటిదే. వేలమంది సిపాయిలకు ఫ్రెంచి పద్ధతిలో కవాతు నేర్పి, 1795 ఖర్డా యుద్ధానికి నడిపించాడు. 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆయన పటాలం ఆయుధాలు దించేయించారు. పటాలం పోయింది, పేరు నిలిచింది.

'మొస్యూ రేమాండ్' మన నాలుకకు కొరుకుడు పడేది కాదు. మొస్యూ అంటే ఫ్రెంచిలో 'శ్రీ'; అది 'మూసా' అయింది. రేమాండ్ హిందువులకు 'రాం', ముస్లింలకు 'రహీం' అయ్యాడంటారు. ఇంత చక్కటి పంపకం నిజంగా జరిగిందో, తర్వాతివాళ్లు సర్దిచెప్పారో గానీ, తెలియని శబ్దాన్ని తెలిసిన పేరుగా మలుచుకోవడం లోకమంతటా ఉన్నదే. దీన్నే లోకనిరుక్తి అంటారు. మొహర్రంలో వినిపించే 'యా హసన్, యా హుస్సేన్'ను ఇంగ్లీషు సోల్జర్లు 'హాబ్సన్ జాబ్సన్' చేశారు. 1886లో యూల్, బర్నెల్ తమ నిఘంటువుకు ఆ పేరే పెట్టారు. చివరన పార్సీ 'బాగ్' చేరి మన పేట పేరు పూర్తయింది.

రేమాండ్ వర్ధంతికి జనం సమాధి దగ్గర అగరువత్తులు వెలిగించేవారట. నిజాం చుట్టలు, బీరు సీసా పంపేవాడనీ చెబుతారు. ఈ రెండోది కట్టుకథే అయినా నాకు ఇష్టమే.

ఆ సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది: ఏడు మీటర్ల నల్లరాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అనే రెండు అక్షరాలు. పక్కన ఉన్న స్తంభాల మండపం ఒకసారి కూలిపోతే మళ్లీ కట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పనిబడినప్పుడు ఓ గంట మిగుల్చుకుని ఆ గుట్ట ఎక్కి రండి. ఎండ ముదరకముందే వెళ్లండి.