కందిచేని ఎండుతెగులు



నేడు నేను చెప్పబూనినది రాజుల చరిత్రము కాదు. కందిచేనికి వచ్చు నొక తెగులు చరిత్రము. పూతపిందెలతో నిండుగా నున్న కందిమొక్క కొలది దినములలో వాడి నిలువున నెండిపోవుట మీరందఱు చూచినదే. దీనిని ఎండుతెగులందురు. ఆ పేరే నన్ను మోసపుచ్చినది. ఎండినదనగానే నీరు చాలలేదని తలంచితిని. బడిలో పిల్లలకు నట్లే బోధించితిని. మా చేనిలో వాడిన మొక్కల మొదళ్లకు కుండలతో నీరు పోయించితిని. పదునుగల నేలలోనే అవి యెండిపోయెను. పిదప ఆ మోళ్లను చేనిలోనే కలియదున్నించి, మఱుసటియేడు మరల కందియే విత్తించితిని. తెగులు మఱింత హెచ్చినది.

ప్రాచీనులు ఈ విషయమున నూరకుండలేదు. సురపాలుని వృక్షాయుర్వేదము చెట్ల రోగములను వాత పిత్త కఫములనుబట్టి విభజించినది. మొక్కకును దేహధర్మము కలదని గుర్తించుట సామాన్యము కాదు. కాని మంటిలో దాగిన శత్రువును చూచుటకు సూక్ష్మదర్శిని రావలసివచ్చెను.

బీహారులోని పూసా గ్రామమున 1905లో వ్యవసాయ పరిశోధనాలయము నెలకొల్పబడెను. అచ్చటి శిలీంధ్రశాస్త్రజ్ఞుడు బట్లరు దొర ఈ తెగులును శోధించి, 1910లో దానికి కారణమైన బూజునకు ఫ్యుజేరియం ఊడమ్ అని పేరిడెను. ఈ బూజు సన్నని వేళ్లగుండ లోనికి చొచ్చి, నీటిని పైకి గొనిపోవు నాళములను మూసివేయును. నేలలో నీరున్నను ఆకునకు అందదు. వాడిన మొక్క కాండమును నిలువుగా చీల్చి చూడుడు. బెరడు క్రింద నల్లని చారలు కనబడును. ఇదియే గుర్తు. చేనిలో మిగిలిన మోళ్లలో ఈ బూజు సుమారు మూడేండ్లు బ్రతికియుండును. నేను దున్నించినది మోళ్లను గాదు, తెగులు విత్తనమును!

1933లో పూసాలోనే మెక్రే, షా దొరలు ఎరువులకును ఈ తెగులునకును గల సంబంధమును పరిశీలించి, తెగులునకు తాళు రకములను వేఱుచేసిరి. 1972లో మన హైదరాబాదు చెంత పటాన్‌చెరువున ఇక్రిశాట్ సంస్థ వెలసెను. అచ్చట యశవంత లక్ష్మణ నేనె గారును, వారి సహచరులును తెగులుపట్టిన మోళ్లను కావలెనని మడిలో కలిపి, అందు వేలకొలది కందిరకములను విత్తి, బ్రతికినవానిని ఏరిరి. ఇట్టి శోధనలవలననే 1986లో మారుతి, 1993లో ఆశ అను రకములు రైతులకు లభించెను. జొన్నతో కలిపి విత్తిన కందిలో తెగులు తగ్గునని ఆ సంస్థవారే 1985లో ప్రకటించిరి. జొన్నసాళ్ల నడుమ కంది విత్తుట మన తాతలనాటి అలవాటే గదా! ఆ అలవాటు విడిచి యేటేట కందినే విత్తుట శత్రువునకు అన్నము పెట్టుటయే.

ఆ నేనె గారే 1994లో సికింద్రాబాదున ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1996లో సురపాలుని గ్రంథమును ఆంగ్లానువాదముతో ప్రకటించెను. తెగులుమడిని పెంచిన శాస్త్రజ్ఞుడే తాళపత్రమును తెఱచి చూచెను. పాతకును క్రొత్తకును వైరము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

శత్రువు కోటలో దాగియున్నప్పుడు ఒక్క ఉపాయము చాలదు. తెగులుపడిన చేనిలో మూడు నాలుగేండ్లు కంది విత్తక జొన్న మొదలగు పైరులు వేయవలెను. ఎండిన మొక్కలను వేళ్లతో పెఱికి కాల్చవలెను. తాళు రకముల విత్తనమునే తెచ్చుకొనవలెను. బూజును చంపు బూజు కూడ నొకటి కలదు; దాని పేరు ట్రైకోడెర్మా. దాని శక్తిని 1932లో అమెరికాలో వైండ్లింగు అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఆ పొడి రెండు కిలోలను 90 కిలోల చివికిన పశువుల యెరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి చల్లి, నీడను పదిదినములు మాగనిచ్చి ఎకరమునకు చల్లవలెను.

ఈ పనులలో నేదియు నొంటిగా గెలువజాలదు. అన్నియు కలిసి గెలుచును. మొక్క యెండినచో కుండ యెత్తుటకు ముందు కాండమును చీల్చి చూడుడు. నేను ఆ పని చేయక రెండు పంటలు పోగొట్టుకొంటిని. మీకు ఆ నష్టము కలుగకుండుగాక!